మా క్వాంటం క్లబ్‌లో మూడు బల్లలు: ఏది క్వాంటం, ఏది కాదు

మా ఫిజిక్స్ విభాగంలో వాడుకలో లేని డార్క్‌రూమ్ ఒకటి ఉంది. న్యూటన్ రింగ్స్ ప్రాక్టికల్ వేరే గదికి మారాక అందులో ఒక సోడియం దీపం, చెక్క బల్లలు, కాళ్లూగే స్టూళ్లు మిగిలాయి. విద్యార్థుల క్వాంటం, ఆప్టిక్స్ క్లబ్ నడిచేది ఆ గదిలోనే. రెండు సెమిస్టర్లలో మేం మూడు బల్లలు సిద్ధం చేశాం. మొదటి బల్ల మీద మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటరు, అంటే కాంతిని రెండుగా చీల్చి, అద్దాల నుంచి వెనక్కొచ్చాక మళ్లీ కలిపే పరికరం. రెండో దాని మీద బీబీ84 పద్ధతిలో రహస్య తాళం (సందేశాన్ని గుప్తంగా మార్చే బిట్ల వరస) పంపుకునే ఏర్పాటు. మూడో దాని మీద ఒక లాప్‌టాప్, దాని నుంచి ఐబీఎం క్వాంటం కంప్యూటరుకు ఇంటర్నెట్‌లో సర్క్యూట్లు పంపడం. ఏం కొన్నాం, ఏ వరసలో బిగించాం, ఎక్కడ ఎందుకు చెడింది అన్నది ఇలాంటి క్లబ్ పెట్టాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందుగా మేం పెట్టుకున్న ఒకే ఒక్క నియమం. ప్రతి బల్ల ముందూ ఒక అట్టముక్క ఉండాలి, దాని మీద ‘ఇది క్వాంటం’ అనో ‘ఇది పోలిక మాత్రమే’ అనో రాసి ఉండాలి. 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్ల రూపాయల నేషనల్ క్వాంటం మిషన్‌కు కేంద్రం ఆమోదం తెలిపింది. 2025ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ క్వాంటం సంవత్సరంగా జరిపింది. అదే ఏడాది అమరావతిలో 156 క్యూబిట్ల (క్వాంటం బిట్ల) ఐబీఎం యంత్రం పెడతామన్న ప్రకటనా వచ్చింది. ఇక లేజరు వెలిగిస్తే చాలు, దాన్ని క్వాంటం అనేయడం మామూలైపోయింది. మా మూడు బల్లల్లో రెండింటిని 19వ శతాబ్దపు తరంగ సిద్ధాంతం ఏ ఇబ్బందీ లేకుండా వివరిస్తుంది. ఆ సంగతి దాచి చూపిస్తే, గట్టిగా ఆలోచించే ఒక్క ఇంటర్ పిల్ల అడిగే ప్రశ్నకు జవాబు ఉండదు.

మైకెల్సన్‌కు మొదట కావలసింది అదరని బల్ల. పరిశోధనశాలల్లో వాడే ఆప్టికల్ టేబుల్ మా స్తోమతకు మించినది. కిచెన్ ప్లాట్‌ఫారాలు కోసే గ్రానైట్ దుకాణంలో మిగిలిపోయిన ముక్క సరిపోయింది: రెండడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు, 18 మి.మీ. మందం. బరువు 17 కిలోలకు పైనే. దాని కింద ఒక స్కూటర్ ట్యూబు పెట్టాం. ట్యూబులో గాలి సగమే ఉండాలి. నిండా కొడితే ట్యూబు గట్టిపడి కారిడార్‌లో నడిచేవాళ్ల అడుగుల అదురును నేరుగా పైకి పంపేస్తుంది. మరీ తక్కువైతే పలక ఒకవైపు ఒరిగి నేలను తాకుతుంది. చేత్తో ఒక మూల నొక్కి వదిలితే పలక సెకనుకు రెండు మూడు సార్లు మెల్లగా ఊగి ఆగిపోవాలి. అదీ గుర్తు. ఒక వంద కాగితాల కట్టలాంటి బరువు మూలకు పెట్టి మట్టం సరిచేసుకోవచ్చు.

లేజరు ఎరుపుది తీసుకోండి, 650 నానోమీటర్ల డయోడ్ మాడ్యూల్. చవక ఆకుపచ్చ పాయింటర్లకు దూరంగా ఉండండి. వాటిలో చాలావాటి నుంచి రాసినదానికన్నా ఎక్కువ శక్తి వస్తుంది, పైగా లోపలి 808, 1064 నానోమీటర్ల పరారుణ కాంతి ఫిల్టర్ లేకుండా బయటికి కారుతుంది. కంటికి కనపడదు కాబట్టి రెప్ప పడదు. ఎరుపు మాడ్యూల్‌ మీద రాసింది కూడా నమ్మకుండా కొలవండి. బీపీడబ్ల్యూ34 ఫోటోడయోడ్‌ను మల్టీమీటరుకు మిల్లీఆంపియర్ల స్థానంలో నేరుగా కలిపి, కిరణం మొత్తం దాని మీద పడేలా పెడితే, 650 నానోమీటర్ల దగ్గర వాటుకు సుమారు 0.4 ఆంపియర్ చూపిస్తుంది. అంటే 0.4 మిల్లీఆంపియర్ కనపడితే ఒక మిల్లీవాటు. అంతకు మించితే సిరీస్‌లో నిరోధం పెంచి తగ్గించాం. కిరణం ఎత్తు పలక నుంచి ఏడెనిమిది సెంటీమీటర్లు. బల్లతో కలిపితే అది స్టూలు మీద కూర్చున్నవాళ్ల కళ్లకు దగ్గరగా వస్తుంది, బడి పిల్లలకైతే నిలబడినా అంతే. అందుకే పలక చుట్టూ నల్ల చార్టు అట్టతో గోడ కట్టాం. వాచీలు, ఉంగరాలు, గాజులు తీసి డబ్బాలో వేయడం ఇంకో అలవాటు.

అద్దాలు ముందువైపే పూత ఉన్నవి కావాలి. మామూలు ముఖం అద్దంలో వెండిపూత గాజు వెనక ఉంటుంది. గాజు ముందు తలం నుంచి నాలుగు శాతం కాంతి విడిగా వెనక్కొచ్చి, అసలు ఫ్రింజుల (రెండు కిరణాలు కలిసిన చోట పడే వెలుగు, చీకటి గీతల) మీద దెయ్యంలా ఇంకో వరస ఫ్రింజులు వేస్తుంది. కిరణాన్ని చీల్చడానికి 25 మి.మీ. బీమ్‌స్ప్లిటర్ క్యూబు, సగం సగం విడగొట్టేది. మొత్తంలో డబ్బు పెట్టాల్సిన వస్తువు ఇదొక్కటే అని నా అభిప్రాయం. పాత ప్రొజెక్టర్లలోంచి తీసిన క్యూబులు చౌకగానే దొరుకుతాయి గానీ అవి ఎక్కువగా రంగును బట్టి చీల్చేవి. వాటితో వారం పోతుంది.

అద్దాలు పట్టే మౌంట్లు మేమే చేశాం. రెండు అల్యూమినియం పలకలు, మూడు ఎం3 బోల్టులు, మధ్యలో బాల్‌పెన్ స్ప్రింగులు. దీని ఇబ్బంది ఒక లెక్కతో తెలుస్తుంది. ఎం3 బోల్టు ఒక చుట్టుకు 0.5 మి.మీ. ముందుకు జరుగుతుంది. బోల్టుల మధ్య దూరం 40 మి.మీ. అనుకుంటే ఒక చుట్టుకు అద్దం 12.5 మిల్లీరేడియన్లు వంగుతుంది. రెండు కిరణాల మధ్య కోణం ఒక మిల్లీరేడియన్ ఉంటే ఫ్రింజుల మధ్య దూరం 0.65 మి.మీ., అంటే కళ్లు చికిలించుకుని చూడాలి. అద్దం వంపుకు రెట్టింపు కిరణం తిరుగుతుంది కాబట్టి ఆ ఒక్క మిల్లీరేడియన్‌కు బోల్టును 14 డిగ్రీలు తిప్పితే చాలు. గడియారంలో పెద్ద ముల్లు రెండున్నర నిమిషాల్లో కదిలేంత. స్క్రూడ్రైవరుతో అది చేతకాదు. బోల్టు తలకు ఐస్‌క్రీమ్ పుల్ల అడ్డంగా అతికించాక పని సులువైంది.

అలైన్‌మెంట్‌కు మా వరస ఇది. లెన్స్ లేకుండా మొదలుపెట్టాలి. రెండు భుజాలూ, అంటే క్యూబు నుంచి ఒక్కో అద్దానికి ఉన్న దారులు, స్కేలుతో కొలిచి ఒకే పొడవుకు తేవాలి, తేడా మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లలో ఉండాలి. చవక డయోడ్ లేజరు ఒకేసారి అనేక మోడ్‌లలో, అంటే కాస్త వేర్వేరు తరంగదైర్ఘ్యాల్లో, వెలుగుతుంది, భుజాల తేడా పెరిగేకొద్దీ ఫ్రింజులు పాలిపోతాయి. హీలియం నియాన్ లేజరైతే పది సెంటీమీటర్ల తేడానూ ఓర్చుకుంటుంది. తర్వాత తెర మీద చుక్కలు చూడాలి. రెండే ఉండాల్సింది ఐదారు కనపడతాయి. ఒక భుజాన్ని కాగితంతో మూస్తే ఆరిపోయే పెద్ద చుక్క ఆ భుజానిది, మిగతా చిన్నవి క్యూబు తలాల నుంచి వచ్చినవి. అసలు చుక్కలు రెండూ క్యూబుకు దగ్గర కాగితం పెట్టి చూసినా, రెండు మీటర్ల దూరాన గోడ మీద చూసినా కలిసే ఉండాలి. ఒక్క చోటే కలిపి సరిపెట్టుకుంటే అక్కడ ఒకదాన్నొకటి కోసుకుని పోతున్నాయని అర్థం. కొత్తగా చేరినవాళ్లు ఆగిపోయేది సరిగ్గా ఈ మెట్టు మీదే. రెండు చోట్లా కలిశాక లేజరు ముందు చిన్న లెన్స్ పెడితే తెర మీద వలయాలో, వంకర గీతలో పరుచుకుంటాయి.

ఇక చెడేవి. మొదటిది, సరిగ్గా కుదిరిన మైకెల్సన్‌లో సగం కాంతి వచ్చిన దారినే లేజరులోకి వెళ్తుంది. డయోడ్‌కు అది పడదు, మోడ్ గెంతుతుంది, ఫ్రింజులు ఉన్నట్టుండి పక్కకు దూకుతాయి. రెండు అద్దాలనూ కలిపి ఒక వెంట్రుకవాసి పక్కకు వంచితే తిరుగు కిరణం లేజరు పక్కన పడి గొడవ తగ్గుతుంది. రెండోది ఫ్యాను. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాని వక్రీభవన గుణకం సుమారు పదిలక్షల్లో ఒక వంతు మారుతుంది. మా భుజం 20 సెంటీమీటర్లు, పోనూ రానూ 40. ఆ లెక్కన ఒక భుజంలో ఒక డిగ్రీ తేడా వస్తే 0.4 మైక్రోమీటరు, అంటే సగానికి పైగా ఫ్రింజు జరిగిపోతుంది. చెయ్యి దగ్గర పెడితే ఫ్రింజులు పాకడం చూపించడానికి బాగుంటుంది, కొలవడానికి మాత్రం ఫ్యాను ఆపాల్సిందే. ప్రపంచ క్వాంటం దినం ఏప్రిల్ 14న వస్తుంది, ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్‌వోల్ట్ సెకన్లలో రాస్తే మొదటి అంకెలు సుమారుగా 4.14 కాబట్టి. ఆ రోజు అంబేడ్కర్ జయంతి సెలవు, పైగా మూసిన గదిలో ఫ్యాను లేకుండా ఏప్రిల్ మధ్యాహ్నం నిలబడలేం. మా ప్రదర్శన ఫిబ్రవరి 28కి, జాతీయ సైన్స్ దినానికి మారింది అందుకే.

ఇదే బల్ల మీద రెండో మెట్టు క్వాంటం ఎరేజర్ అని పిలిచే ప్రదర్శన. ఒక్కో భుజంలో ఒక్కో పోలరైజర్ ఫిల్మ్, అంటే ఒకే దిక్కున ఊగే కాంతిని పోనిచ్చే పొర, పెడతాం. రెండింటి అక్షాలూ ఒకే దిక్కున ఉంటే ఫ్రింజులు ఉంటాయి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెడితే మాయమవుతాయి. తెర ముందు 45 డిగ్రీల్లో మూడో ఫిల్మ్ పెడితే తిరిగొస్తాయి. దాన్ని 135 డిగ్రీలకు తిప్పితే కూడా వస్తాయి, కాకపోతే వెలుగు గీత ఉన్నచోట చీకటి గీత పడుతుంది. ఈ చివరిది చాలామంది చూపించరు. చూపించాలి. రెండు బొమ్మలూ కలిపితే మళ్లీ ఏ గీతా లేని వెలుగే మిగులుతుందని అప్పుడే తెలుస్తుంది, పోయినది ఎక్కడినుంచో తిరిగి పుట్టలేదని అర్థమవుతుంది.

ఇక్కడ మమ్మల్ని మోసం చేసింది లేజరే. డయోడ్ లేజరు కాంతి పుట్టుకతోనే ఒక దిక్కున ధ్రువితమై ఉంటుంది, అంటే దాని తరంగం ఒకే దిక్కున ఊగుతుంది. అది నిలువుగా ఉండగా అడ్డం ఫిల్మ్ పెట్టిన భుజం దాదాపు చీకటైపోతుంది. ఫ్రింజులు పోతాయి, అందరూ చప్పట్లు కొడతారు. కానీ పోయింది భుజంలో వెలుగే లేక. 45 డిగ్రీల ఫిల్మ్ పెట్టినా అవి తిరిగి రావు, అప్పుడు గానీ అనుమానం రాదు. లేజరు మాడ్యూల్‌ను దాని అక్షం మీదే 45 డిగ్రీలు తిప్పి బిగించి, కాగితంతో ఒక్కో భుజాన్నీ మూసి రెండు వెలుగులూ సమానమేనా అని ప్రతిసారీ చూసుకోవాలి. ఫోటోడయోడ్‌తో కొలిస్తే ఇంకా మంచిది.

ఫిల్మ్‌లు ఉచితంగా సంపాదించాం. పాడైన ఎల్‌సీడీ మానిటర్ ముందు పొరే పోలరైజర్. హెయిర్ డ్రయ్యర్‌తో ఒక మూల వేడిచేసి నెమ్మదిగా లాగితే ఊడొస్తుంది. జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, అసిటోన్ తగిలితే ఫిల్మ్ తెల్లబడి పాడవుతుంది. అక్షం అంచుకు సమాంతరంగా ఉందనుకుని కోయకండి. చాలా పాత టీఎన్ ప్యానెళ్లలో అది 45 డిగ్రీల్లో ఉంటుంది. గచ్చు మీద మెరిసే వెలుగును ఏటవాలుగా ఫిల్మ్‌లోంచి చూస్తూ తిప్పితే, మెరుపు బాగా తగ్గినప్పుడు అక్షం నిలువుగా ఉన్నట్టు. స్కెచ్ పెన్నుతో అక్కడే బాణం గీయాలి. బాణం లేని ఫిల్మ్ డబ్బాలో ఉంటే అది ఉన్నా లేనట్టే.

ఈ బల్ల ముందు అట్ట మీద ‘పోలిక మాత్రమే’ అని రాశాం. ఒక మిల్లీవాటు ఎరుపు లేజరు నుంచి సెకనుకు 3.3 × 10¹⁵ ఫోటాన్లు వస్తాయి. అంత కాంతితో జరిగేదంతా తరంగాలను కలిపి తీసేస్తే సరిపోతుంది. కాంతిని బాగా తగ్గిస్తే క్వాంటం అవుతుందనే వాదన క్లబ్‌లో ఏటా ఎవరో ఒకరు తెస్తారు. అవదు. ఎంత తగ్గించినా లేజరు కాంతిలో ఫోటాన్లు విడివిడిగా ఒక లెక్కలో రావు, రెండు కలిసి వచ్చే అవకాశం మిగిలే ఉంటుంది. 1986లో గ్రాంజియే, రోజే, ఆస్పే చేసిన ప్రయోగం ఈ తేడానే చూపింది. వాళ్లు జంటలుగా పుట్టిన ఫోటాన్లలో ఒకదాన్ని గుర్తుగా పట్టి, రెండోది బీమ్‌స్ప్లిటర్ దగ్గర రెండు వైపులా ఒకేసారి పట్టుబడడం లేదని కొలిచారు. అది చేయాలంటే ఇప్పుడైతే 405 నానోమీటర్ల లేజరు, దాన్ని 810 నానోమీటర్ల జంటలుగా విడగొట్టే బీబీఓ స్ఫటికం, లక్షల్లో ఖరీదుచేసే సింగిల్ ఫోటాన్ డిటెక్టర్లు కావాలి. మా దగ్గర లేవు. లేవని అట్ట మీదే రాశాం.

రెండో బల్ల, బీబీ84. బెనెట్, బ్రాసార్డ్ 1984లో ప్రతిపాదించిన పద్ధతి. పంపేవాళ్లు ప్రతి బిట్‌నూ నాలుగు ధ్రువణ దిక్కుల్లో ఒకదానిగా మారుస్తారు: 0, 90 డిగ్రీలు ఒక జత, 45, 135 ఇంకో జత. అందుకునేవాళ్లు ఏదో ఒక జత ఎంచుకుని కొలుస్తారు. తర్వాత జతలను మాత్రం బహిరంగంగా చెప్పుకుని, కలవని బిట్లను పారేస్తారు. సగం మిగులుతాయి. మధ్యలో ఎవరైనా కొలిచి తిరిగి పంపితే మిగిలిన బిట్లలో నాలుగోవంతు తప్పులవుతాయి. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. బల్ల మీద పెడితే బయటపడేవి వేరు.

పంపే వైపు ఒక ఫిల్మ్‌ను ఎస్‌జీ90 సర్వో మోటారుకు బిగించాం. మళ్లీ అదే చిక్కు: లేజరు ముందే ధ్రువితం కాబట్టి ఫిల్మ్ తిరిగితే వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. అందుకునేవాడు ధ్రువణం కొలవనక్కరలేదు, వెలుగు ఎంతో చూసి బిట్ చెప్పేస్తాడు. రహస్యం మొదట్లోనే పోయింది. దీనికి మందు సినిమా హాల్లో ఇచ్చే 3డీ కళ్లజోడు. వృత్తాకార ధ్రువణం రకం జోడులో ముందు పావు తరంగపు పొర, కంటివైపు పోలరైజర్ ఉంటాయి. కంటివైపు నుంచి లేజరు పంపితే బయటికి వచ్చేది దాదాపు వృత్తాకార ధ్రువణం. అప్పుడు తర్వాతి ఫిల్మ్ ఏ కోణంలో ఉన్నా వెలుగు దాదాపు ఒకటే. ఆ పొర కంటికి బాగా కనపడే ఆకుపచ్చ కాంతి చుట్టూ కుదిర్చింది కాబట్టి 650 దగ్గర కొద్దిపాటి హెచ్చుతగ్గులు మిగులుతాయి, ఫర్వాలేదు. జోడును తిరగేసి పెడితే మాత్రం ఏమీ జరగదు. అది మామూలు పోలరైజర్‌లాగే నడుస్తుంది, ఎందుకు పనిచేయడం లేదో తెలియక గంటలు పోతాయి. అద్దం మీద ‘కన్ను ఇటు’ అని రాసి పెట్టుకోండి.

ఎస్‌జీ90 పేరుకు 180 డిగ్రీలు తిరుగుతుంది. చివర్ల దగ్గర గుయ్యిమంటూ వణుకుతుంది, కోణం కుదరదు. అందుకే 0, 45, 90, 135 బదులు సర్వోకు 20, 65, 110, 155 ఇచ్చి, 20 దగ్గర ఫిల్మ్ అక్షం సున్నా అయ్యేలా అతికించాం. సర్వోకు కరెంటు దాన్ని నడిపే ఆర్డునో బోర్డు నుంచి ఇవ్వకండి. మోటారు కదలగానే వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. విడి 5 వోల్టుల చార్జరు పెట్టి గ్రౌండ్లు రెండూ కలపాలి. కలపడం మరిస్తే సర్వో తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. ఈ రీసెట్ వల్ల ఇంకో చిక్కుంది. ఆర్డునోలోని ర్యాండమ్ ఫంక్షన్ విత్తనం (మొదలుపెట్టే అంకె) ఇవ్వకపోతే ప్రతి రీసెట్ తర్వాతా అవే అంకెలను అదే వరసలో ఇస్తుంది. మా రహస్య తాళం వరసగా మూడు రోజులు ఒకటే వచ్చింది. బిట్లను లాప్‌టాప్ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి తీసుకోవడమో, నాణెం ఎగరేయడమో మేలు. మనసులో తోచినట్టు రాయమంటే జనం మూడు సున్నాలు వరసగా రాయడానికి భయపడతారు.

అందుకునే వైపు మొదట ఒక ఫిల్మ్, ఒక ఫోటోడయోడ్‌తో చేశాం. దాని లోపం ఏమిటంటే, చీకటి కనపడితే అది బిట్ 1 కావచ్చు, లేజరు వెలగకపోయీ ఉండొచ్చు. తేడా తెలియదు. తర్వాత సగం తరంగపు ప్లేటు, ధ్రువణాన్ని బట్టి చీల్చే క్యూబు, రెండు ఫోటోడయోడ్లకు మారాం. ప్లేటు ఎంత తిరిగితే ధ్రువణం దానికి రెట్టింపు తిరుగుతుంది. కాబట్టి రెండో జతకు ప్లేటును 22.5 డిగ్రీలు తిప్పాలి. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు 45 తిప్పుతారు. అప్పుడు జత మారదు, మొదటి జతలోనే 0, 90 తారుమారవుతాయి. ఇద్దరూ రెండో జతనే ఎంచుకున్న చోట కూడా రీడింగు సగం సగమే వస్తే మొదట చూడాల్సింది ఇదే. క్యూబు గురించి ఇంకోమాట: నేరుగా దాటే కిరణం శుభ్రంగా ఉంటుంది, పక్కకు తిరిగే కిరణంలో మాత్రం అక్కర్లేని ధ్రువణం కొన్ని శాతం కలుస్తుంది. ఆ వైపు డయోడ్ ముందు ఒక ఫిల్మ్ ముక్క పెడితే తప్పులు తగ్గాయి.

ఫోటోడయోడ్‌ను 5 వోల్టుల రివర్స్ బయాస్‌లో 10 కిలోఓమ్‌ల నిరోధంతో కలిపాం. అర మిల్లీవాటు పడితే 2 వోల్టులు, ఆర్డునోలో 400 పైచిలుకు అంకె. గది ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది, అది రీడింగులో అలలా కనపడుతుంది. అందుకే 20 మిల్లీసెకన్ల పాటు, అంటే సరిగ్గా రెండు మినుకుల కాలం, సగటు తీసుకోవాలి. లేజరు ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి కొలిచి తేడా తీసుకోవాలి. డయోడ్ ముందు నల్ల అట్టతో ఐదు సెంటీమీటర్ల గొట్టం చుడితే మిగతాదీ పోతుంది. సర్వో కుదురుకోవడానికి అర సెకను ఆగాలి. మొత్తం మీద బిట్‌కు ఒక సెకను, 100 బిట్లకు రెండు నిమిషాల లోపే.

కోణం తప్పితే ఎంత నష్టమో సైన్ వర్గం చెబుతుంది. 5 డిగ్రీలు తప్పితే ఒక శాతానికి లోపు, 10 డిగ్రీలు తప్పితే 3 శాతం. సిద్ధాంతంలో బీబీ84కు 11 శాతం దాకా తప్పులను ఓర్చుకునే వీలుంది కాబట్టి చేతితో అతికించిన ఫిల్మ్‌తో కూడా బండి నడుస్తుంది. మధ్యలో కొలిచి తిరిగి పంపే దొంగ బల్ల పెట్టినప్పుడు 100 బిట్లలో మిగిలే 50కి సుమారు 12 తప్పులు రావాలి. ఒక్కోసారి 7 వస్తాయి, ఒక్కోసారి 17. యాదృచ్ఛికంలో అంత ఊగిసలాట సహజం, 12 వచ్చేదాకా ఏరుకుని చూపించకూడదు. 20 బిట్లు పోల్చి చూస్తే దొంగ దొరక్కుండా పోయే అవకాశం 0.3 శాతం.

ఇక ఈ బల్ల దాచే మోసం. జతలు కలవనప్పుడు నిజమైన ఒక్క ఫోటాన్ ఏదో ఒక డిటెక్టరులోనే పడుతుంది. మా పల్స్‌లో ఉన్నవి లక్షల కోట్ల ఫోటాన్లు, అవి రెండిట్లోనూ సగం సగం పడతాయి. అప్పుడు ప్రోగ్రాము నాణెం వేసి ఒకటి ఎంచుతుంది. అంటే క్వాంటం యాదృచ్ఛికత వచ్చేది కాంతి నుంచి కాదు, మేం రాసిన ఒక వరస కోడ్ నుంచి. ఆ నాణెం తీసేసి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది: జతలు కలిసిన చోట సగం సగం రీడింగు కనపడగానే దొంగ ఉన్నట్టు తేలిపోతుంది, తప్పులు లెక్కపెట్టే పనే లేదు. అటు దొంగకూ సుళువే. 20 మిల్లీసెకన్లలో ఒక మిల్లీవాటు లేజరు 65 లక్షల కోట్ల ఫోటాన్లు పంపుతుంది, మధ్యలో గాజుముక్క పెట్టి కొన్ని శాతం పక్కకు తీసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ పల్స్‌ను సగటున పది పల్స్‌లకు ఒక ఫోటాన్ వచ్చే స్థాయికి దించాలంటే కాంతిని 10¹⁵ రెట్లకు కాస్త తక్కువగా తగ్గించాలి. 2022లో ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య 100 కిలోమీటర్లకు పైగా ఫైబరులో డీఆర్‌డీఓ, ఐఐటీ ఢిల్లీ చేసి చూపినదానికీ మా బల్లకూ ఉన్న దూరం అదే. అట్ట మీద ఈ అంకె రాశాక సందర్శకుల ప్రశ్నల స్థాయే మారింది.

మూడో బల్ల ముందు ధైర్యంగా ‘ఇది క్వాంటం’ అని రాశాం, చిన్న అక్షరాల్లో షరతులతో. ఐబీఎం ఉచిత ఖాతాకు 28 రోజులకు 10 నిమిషాల యంత్రకాలం ఇస్తుంది. క్లబ్ మొత్తం ఒకే టోకెన్ (ఖాతా పాస్‌వర్డ్ లాంటిది) వాడితే ఎవరో ఒకరి లూపు ఒక సాయంత్రంలో దాన్ని మింగేస్తుంది. ఎవరి ఖాతా వాళ్లదే ఉండాలి, టోకెన్‌ను కోడ్‌తో పాటు గిట్‌హబ్‌లో పెట్టకూడదు. ముందు సిమ్యులేటరులో, తర్వాత యంత్రపు నాయిస్ నమూనా కలిపిన సిమ్యులేటరులో, చివరికే అసలు యంత్రం మీద. లాప్‌టాప్ పరిమితి లెక్కకట్టవచ్చు: 30 క్యూబిట్ల పూర్తి స్థితికి 16 జీబీ మెమరీ, 28 క్యూబిట్లకు 4 జీబీ. ఎనిమిది జీబీ లాప్‌టాప్‌లో 28తో ఆగండి.

పాత వీడియోలు చూసి రాసిన కోడ్ నడవదు. ఈ సర్క్యూట్లు రాసే ఐబీఎం ప్రోగ్రామింగ్ కిట్ పేరు క్విస్కిట్. 2024 ఫిబ్రవరిలో వచ్చిన క్విస్కిట్ 1.0లో ఎగ్జిక్యూట్ ఫంక్షన్ తీసేశారు, ఏర్ సిమ్యులేటరు విడి ప్యాకేజీ అయింది. అసలు యంత్రానికి పంపే ముందు సర్క్యూట్‌ను ఆ యంత్రం గేట్లలోకి ట్రాన్స్‌పైల్ చేయాలి, లేదంటే తిప్పికొడుతుంది. కొత్తవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది బిట్ల వరస. క్విస్కిట్‌లో సున్నా నంబరు క్యూబిట్ కుడి చివర కనపడుతుంది. రెండు క్యూబిట్లు ముడిపడిన బెల్ స్థితిలో 00, 11 అటు ఇటు ఒకటే కాబట్టి ఈ తప్పు అక్కడ బయటపడదు, మూడు క్యూబిట్ల దగ్గర పడుతుంది. మొదటి పాఠంగా ఒక్క సున్నా నంబరు క్యూబిట్‌నే తిప్పి ఏం వస్తుందో చూడమంటాం.

మేం నడిపింది సీహెచ్‌ఎస్‌హెచ్ పరీక్ష, ముడిపడిన రెండు క్యూబిట్ల కొలతలు ఎంతగా కలుస్తాయో ఒక అంకెగా చెప్పేది. నాలుగు కోణాల జతలకు నాలుగు సర్క్యూట్లు, అన్నీ ఒకే జాబ్‌లో, ఒక్కోటి వెయ్యి సార్లు. స్థానిక వాస్తవికతతో (ఫలితాలు ముందే నిర్ణయమై ఉంటాయి, ఒకచోటి కొలత ఇంకోచోటిదాన్ని మార్చదు అనే ఊహతో) ఎంత చేసినా ఆ అంకె 2 దాటదు, క్వాంటం మెకానిక్స్ 2.828 దాకా అనుమతిస్తుంది. వెయ్యి సార్లకు ఫలితంలో ఊగిసలాట సుమారు 0.045, కాబట్టి 2.5 వచ్చినా హద్దును బాగా దాటినట్టే. 2 కన్నా తక్కువ వస్తే ప్రకృతిని కాదు, ఒక గుణకం గుర్తును అనుమానించండి. నాలుగు పదాల్లో ఒకదానికి మైనస్ ఉంటుంది, అది ఏ కోణాల జతకో తారుమారు చేస్తే ఫలితం సున్నా దగ్గర పడుతుంది. చిన్న అక్షరాల షరతు ఏమిటంటే, రెండు క్యూబిట్లూ ఒకే చిప్ మీద పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని సంగతి రెండోదానికి అందే వీలు లేదని ఈ ప్రయోగం నిరూపించదు. దానికి 2015లో డెల్ఫ్ట్‌లో చేసినట్టు 1.3 కిలోమీటర్ల దూరం కావాలి. క్లౌడ్ యంత్రం మీద బీబీ84 నడపడం కొన్ని చోట్ల చూశాను. పంపేవాడూ అందుకునేవాడూ ఒకే చిప్‌లో ఉన్నాక తాళం ఎవరి నుంచి దాస్తున్నట్టు? ఆ నిమిషాలు సీహెచ్‌ఎస్‌హెచ్‌కు వాడుకోండి.

ప్రదర్శన రోజు లేజర్లను అరగంట ముందే వెలిగించాలి. వేడెక్కేదాకా ఫ్రింజులు వాటంతటవే పాకుతుంటాయి. యంత్రం క్యూ ఎంతసేపో చెప్పలేం కాబట్టి ముందురోజు జాబ్ ఫలితాన్ని సేవ్ చేసి ఉంచుకుని, తేదీతో సహా ‘ఇది నిన్నటిది’ అని చెప్పే చూపించాం. గ్రానైట్ పలక దగ్గర ఒకరు కాపలా ఉండాలి. ఎంత చెప్పినా పదిమందిలో ఒకరు దాని మీద చెయ్యి ఆనించి వంగుతారు.

సీనియర్లు వెళ్లిపోతే క్లబ్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అందుకే మూడు డబ్బాలు అప్పగిస్తాం. మొదటి దాంట్లో బాణం గీసిన ఫిల్మ్‌లు, ‘కన్ను ఇటు’ అని రాసిన కళ్లజోడు, పుల్లలతో సహా మౌంట్లు. రెండో దాంట్లో సర్వోలు, వాటి కోణాల కాగితం: ఏ సర్వోకు 20 అంటే నిజంగా ఎంతో ఒక్కోదానికి విడిగా కొలిచి రాసినది, ఎందుకంటే కొత్త సర్వో కొంటే ఆ అంకెలు పనికిరావు. మూడో దాంట్లో అట్టముక్కలు. పోయినేడు జూనియర్లు బీబీఓ స్ఫటికం కోసం దరఖాస్తు రాస్తూ నాలుగో అట్ట కూడా కోసి పెట్టారు. దాని మీద ఇంకా ఏమీ రాయలేదు.